సెకనుకి ఎన్ని

గ్రిమ్స్‌బీ రేవులో చేపల వేలం ఆఫీసు.
మేడమీద గదిలో హీటర్ ఆపేసి కూర్చున్నాం.
దాని బుస మైకులో పడుతుందని నేనే ఆపించాను.
లినెట్ కోటు విప్పలేదు.

శుక్రవారంతో ఆవిడ ఉద్యోగం సరి.
ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఈ పాత ప్రోగ్రాముని నడిపింది ఆవిడే.
ఏ కాయితం మీదా రాసిలేదు.
ఎఫ్ ఏడు నొక్కాక కాసేపాగి ఎంటర్ కొట్టాలనీ
ఆత్రపడితే కాడ్ పెట్టెలన్నీ
హాడక్ ఖాతాలో పడతాయనీ
ఆ వేళ్లకి మాత్రమే తెలుసు.

నా పని చిన్నది.
తెరని పట్టాలి, గొంతుని పట్టాలి,
ఒక ఫైల్లో మూటగట్టి వెనకొచ్చేవాళ్లకి ఇవ్వాలి.

ముందు కొలత.
తెర మొత్తం పడితే అక్షరాలు ఆవగింజలు.
రేపు దీన్ని ఎవరు చూస్తారు?
తొట్ల పక్కన నిలబడి, తడి గ్లవ్ మునిపళ్లతో లాగి,
పగిలిన ఫోన్లో చూస్తారు.
పన్నెండొందల ఎనభై, ఏడొందల ఇరవై. చాలు.
తెర వెనక ఆవిడ కుక్క బొమ్మ ఉంది, ఒక చెవి మడిచి.
తీసెయ్యనా?
"బస్టర్ నీకేం అడ్డం?"
అడ్డమేం లేదు. ఫైలు బరువు, అంతే.
నలుపు పెట్టాను.

మైకు పరీక్షకి నేనెప్పుడూ తెలుగులోనే లెక్కపెడతాను:
ఒకటీ, రెండూ, మూడూ.
ముల్లు పచ్చ దాటి పసుపుని ముట్టి వెనక్కొచ్చింది.
ఎర్రకి పోకూడదు.
ఎర్రకి పోయిన మాట మళ్లీ అతకదు.

తరవాత చప్పుడు.
ఫిల్టరంటే చాటే కదా, చెరిగాను.
కిటికీ అవతలి సీగల్ పక్షులు పోయాయి.
కింద ఐసు దంచే మిషను పోయింది.
ఇంకాస్త చెరిగాను.
లినెట్ గొంతు కడిగిన గ్లాసులా నిలబడింది.
ఎంత బాగుందో అనుకున్నాను.

ఇక బొమ్మలు. సెకనుకి అరవై.
వెనక్కి తిప్పి చూస్తే
బాణం గుర్తు గడినుంచి గడికి వెళ్తూ
గాలికి దీపంలా వణుకుతోంది.
నేను మౌసు వంక చూడలేదు.
ఎనిమిదికి దించాను. వణుకు మాయం.
"ఎందుకు తగ్గించావు?"
"బరువు తగ్గుతుందని."
"ఎవరికి?"
జీవితమంతా త్రాసుముల్లు చూసిన మనిషి.
ఆవిడ దగ్గరా నా తూకం మోసం!

"ఇలా అయితే ఇది మిడతలా గెంతుతోంది,
దారి కనబడట్లేదు" అంది.
"ఏ గడి మీదుగా వెళ్లానో
వచ్చే పిల్లకి ఎలా తెలుస్తుంది?
చెయ్యి వణికితే వణకనీ.
దారి చూపించు."
ముప్ఫై పెట్టాను.

మొత్తం తీశాం. పద్నాలుగు నిమిషాలు.
హెడ్‌ఫోన్ చెరో చెవికి పెట్టుకుని విన్నాం.
ఎఫ్ ఏడు దగ్గర ఒక గుంట.
నిశ్శబ్దం. తరవాత ఎంటర్.
"నేనక్కడ లెక్కపెట్టానే" అంది లినెట్.

పెదవుల కింద, ఊపిరితో, తనకి తానే
లెక్కపెట్టింది.
పొల్లనుకుని ఎగరేశాను.

చాటని పక్కన పెట్టి ఇంకోసారి తీశాం.
పక్షులు వచ్చాయి.
ఐసు మిషను దబదబా వచ్చింది.
ఎవరో మెట్ల మీద బూట్లు దులుపుకున్నారు.
వాటన్నిటి అడుగున, చెవి ఆనిస్తే,
ఎఫ్ ఏడుకీ ఎంటర్‌కీ నడుమ
ఆవిడ లెక్క, మూడు ఊపిర్లు.
నా పెదవులూ కదిలాయి,
ఒకటీ, రెండూ,

"ఇక హీటర్ వెయ్యి" అంది.
వేశాను.
బస్టర్‌ని మళ్లీ తెర మీద పెట్టి
ఫైలు బరువు చూశాను.
కాస్త ఎక్కువే.